అవుననదు, కాదనదు

మా తోడికోడలు కలీపాతో నేను నలభై రోజులు మాట్లాడలేదు. ఒకే ప్రహరీలో మావి రెండిళ్ళు, రెండిళ్ళకీ కలిపి ఒకటే కొట్టం. పొద్దున్నే ఆవుల దగ్గర ఆమె అటు తిరిగి పాలు పితికేది, నేను ఇటు తిరిగి పితికేదాన్ని. నా కోపం ఊరందరికీ తెలిసిందే. కొంత పుట్టుకతో వచ్చింది, మిగతాది ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పడం వల్ల వచ్చింది. ఆ నలభై రోజుల్లో తప్పు నాదని ఒప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను, కలీపాను పొగడడానికి కాదు. పొగడ్తలు ఆమెకి గిట్టవు.

కలీపా మా కొండ ఊరు అక్-జిల్గాకి నర్సమ్మ. రెండు వందల నలభై ఇళ్ళున్న ఊరికి ముప్పై రెండేళ్ళు ఆమె ఒక్కతే దిక్కు. డాక్టరు కావాలంటే కొండ దాటి జిల్లా కేంద్రానికి పోవాలి. చలికాలంలో మంచుపడి దారి మూసుకుపోతే డాక్టరు కూడా ఆమే. మనిషి పొట్టి, కాస్త లావు. కాళ్ళకి రబ్బరు బూట్లు, తెల్లకోటు మీద మా బావగారి పాత గొర్రెతోలు కోటు. సూదికి భయపడే మగవాళ్ళతో, "నువ్వు కళ్ళు మూసుకో, నేను కూడా మూసుకుంటా, ఆపైన అల్లా చూసుకుంటాడు" అనేది. గడ్డం నెరిసిన గొర్రెల కాపర్లు ఆమె సంచి చూస్తే గోడ పక్కకి తప్పుకునేవాళ్ళు.

ఆమెకో పద్ధతి ఉండేది. రోజుకి ఆరిళ్ళు తిరిగేది. జబ్బున్న ఇల్లని కాదు, వరసలో వచ్చిన ఇల్లు. ఏ ఇంట్లోనైనా నలభై నిమిషాలు, ఎక్కువా కాదు, తక్కువా కాదు. గది తలుపు వేసి ఆ ఇంటి ఆడవాళ్ళలో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, బీపీ చూసి వచ్చేది. నలభై రోజులకి ఊరు ఒక చుట్టు పూర్తయ్యేది, మళ్ళీ మొదటి ఇల్లు.

"ఈ తిరుగుడేంటక్కా, కాళ్ళరగదీసుకోడానికి కాకపోతే" అని నేనోసారి అడిగాను.

"రేపు నిజంగా నీకేదో అవుతుందనుకో. నేను నీ గుమ్మమెక్కుతా. చూసినవాళ్ళు 'సబీరా ఇంటి వరస వచ్చింది' అనుకోవాలి. 'సబీరాకి ఏమైంది' అనుకోకూడదు."

ఊరి ఆసుపత్రిలో బల్లమీద రిజిస్టరు ఎప్పుడూ తెరిచే ఉండేది. వచ్చినవాళ్ళల్లా తమ వంతు వచ్చేలోపు దాన్ని తిరగేసేవాళ్ళు. ప్రతి పేరు పక్కనా ఒకటే మాట: బీపీ. అసలు సంగతులు ఆమె ఎక్కడ రాసేదో, ఆ తాళం ఎక్కడుండేదో మా బావగారికి కూడా తెలియదు. "ఊళ్ళో ఎవడు తుమ్మినా మా ఆవిడకి ముందు తెలుస్తుంది. మా ఆవిడ తుమ్మితే మాత్రం నాకు ఊరివాళ్ళు చెప్పాలి" అని ఆయన అందరి దగ్గరా వాపోయేవాడు.

ఆమె పుట్టుకతో అలాంటిది కాదు. అలా మారడానికి కారణమైనవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆమె ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, నేను కొత్తకోడలిగా మా అత్తగారింట్లో అడుగుపెట్టిన ఏడు. ఊళ్ళో ఒకమ్మాయి మీద ఒకడు అఘాయిత్యం చేశాడు. ఆ పిల్ల పేరు చెప్పను, ఏ వీధో కూడా చెప్పను. వైద్యం కలీపాయే చేసింది. పిల్ల ముద్ద ముట్టడం లేదు. కాస్త మాంసం చారు పంపితే తాగుతుందేమోనని కలీపా మా అత్తగారిని అడిగింది. "ఎవరికే?" అని అత్తగారు అడిగితే, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని మరీ చెప్పింది.

మా అత్తగారు మంచిది. నిజంగా మంచిది. తంటా అంతా అక్కడే వచ్చింది. మా దగ్గర ఒకింటికి కష్టమొచ్చిందని తెలిశాక ఊరుకోవడం పాపం. ఒక్కరే వెళ్ళడం మర్యాద కాదు. పదిమందిని కూడగట్టుకుని, పిండిముక్కలు నూనెలో వేయించి మూటకట్టుకుని, గుమ్మంలోనే ఏడుపు అందుకుని, లోపలికెళ్ళి కూర్చుని 'మనసు అడిగి' రావాలి. మనిషి పోయినా అంతే, గుర్రం పోయినా అంతే, కాలు విరిగినా అంతే. అత్తగారు తన ఆడపడుచుకి చెప్పింది, ఎవరికీ చెప్పొద్దనే చెప్పింది. ఆమె ఇంకొకరికి అలాగే చెప్పింది. మూడో రోజు ముప్పై నలుగురు ఆడవాళ్ళం ఆ ఇంటిముందు చేరాం. మూట నా చేతిలో ఉంది, కొత్తకోడలిని కదా.

ఆ తల్లి ఏం చేస్తుంది? గుమ్మంలోకి వచ్చినవాళ్ళని కాదనకూడదు. దుప్పటి పరిచింది, ముప్పై నాలుగు గిన్నెల్లో టీ పోసింది. కూతురు గోడకి అవతలి గదిలో ఉంది. మేం ఏడ్చాం. దొంగ ఏడుపు కాదు, మనసారా ఏడ్చాం. ఎవరో అన్నారు, "పాపం, ఇంక దాని బతుకేం కాను" అని. అది గోడ దాటి వినపడేంత గట్టిగానే అన్నారు. నేను కూడా ఏడ్చాను, టీ తాగాను, తిన్నాను. వచ్చేటప్పుడు అత్తగారు, "పోన్లే, మన బాధ్యత మనం తీర్చుకున్నాం" అంది.

ఎనిమిది రోజుల్లో ఆ కుటుంబం గొర్రెల్ని అయినకాడికి అమ్మేసి కొండ దాటి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఆ తల్లి ఆసుపత్రికి వచ్చిందట. తిట్టలేదట. "నీకు చెప్పడమొక్కటే మేం చేసిన తప్పు" అని వెళ్ళిపోయిందట. ఈ మాట కలీపా జీవితంలో ఒక్కసారే నాతో అంది. ఆ మర్నాటినుంచే రోజుకి ఆరిళ్ళ తిరుగుడు మొదలైంది.

ఇక అసలు సంగతికొస్తాను. ఏడేళ్ళ కిందట, ఆకులు రాలే కాలం. మా ఊరి ఆడపిల్లలు ఏడుగురు నారిన్ పట్నంలో కాలేజీలు చదువుతుండేవాళ్ళు. అందరికీ పంతొమ్మిది, ఇరవై ఏళ్ళు. శుక్రవారం సాయంత్రం ఊరి వ్యాను వాళ్ళని తీసుకొచ్చేది, ఆదివారం దింపేది. వ్యాను నడిపేది తలాయ్ అని, మా ఊరివాడే, ముప్పై దాటినవాడు, పెళ్ళయినవాడు. ఒకనాడు జిల్లా నుంచి పోలీసులు వచ్చి తలాయ్‌ని పట్టుకుపోయారు. వ్యానులో వచ్చే పిల్లల్లో ఒకరు కేసు పెట్టారని, అది అలాంటిలాంటి కేసు కాదని సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. ఎవరన్నది మాత్రం బయటికి రాలేదు. ఆ పిల్లని తీసుకెళ్ళి పరీక్ష చేయించింది కలీపా. ఎప్పుడు తీసుకెళ్ళిందో, ఏ దారిన తీసుకెళ్ళిందో ఎవరూ చూడలేదు. రెండు వందల నలభై ఇళ్ళ ఊళ్ళో ఎవరి కంటా పడకుండా ఒక పని చేయడమంటే మాటలు కాదు.

ఏడుగురిలో మా అమ్మాయి చినారా ఒకతి.

ఊరి వాట్సాప్ గ్రూపు ఆ వారమంతా నిప్పులమీద పేలాలు. అబ్బే, ఎవరూ పేరు పెట్టి అనలేదు. "ఫలానా వాళ్ళమ్మాయి ఈ వారం రాలేదేం?" "ఫలానా పిల్ల ముసుగు కిందికి లాక్కుని నడుస్తోందేం?" ఇలాంటివి. కలీపా ఏం చేసిందో తెలుసా? వరస పక్కన పెట్టి, ఒకే వారంలో ఏడిళ్ళకీ వెళ్ళింది. ప్రతి ఇంట్లోనూ తలుపు వేసుకుని ఆ పిల్లతో నలభై నిమిషాలు కూర్చుంది. మా ఇంటికీ వచ్చింది. నేను అవతల రొట్టెలు కాలుస్తూ గోడవైపు చెవి పెట్టాను. ఒక్క ముక్క వినపడలేదు. రొట్టెలు మాడాయి.

మర్నాడు పొద్దున కొట్టంలో ఆమెని పట్టుకున్నాను.

"అక్కా, ఒక్క మాట. మా పిల్ల కాదు కదా?"

ఆమె పాలు పితుకుతూనే ఉంది.

"నిన్నే. వినపడలేదా?"

"వినపడింది."

"మరి చెప్పవేం?"

"నిన్న నీ బీపీ నూట యాభై ఉంది. ఉప్పు తగ్గించు."

"చూడక్కా, ఎవరు అని నేనడగట్లేదు. అది నాకక్కర్లేదు. మా పిల్ల కాదు అని ఒక్క ముక్క చెప్పు. కాదని చెప్పడానికి కూడా నీకు నోరు రాదా? నేను పరాయిదాన్నా? చినారా నీ మరిది కూతురు."

కలీపా బకెట్టు పక్కన పెట్టి లేచింది. "నీకు కాదని చెప్పాననుకో. మధ్యాహ్నం తన పిల్ల కోసం జెయినెప్ వస్తుంది, ఆమెకీ కాదనాలి. రేపు ఇంకొకామె. ఆరుగురు తల్లులకి కాదన్నాక, ఏడో తల్లి వచ్చి నిలబడుతుంది. ఆమెకేం చెప్పను? లెక్కల టీచరువి కదా, నువ్వే చెప్పు."

ఏడులోంచి ఆరు తీసేస్తే ఎంతో ఒకటో తరగతి పిల్లలకి నేర్పినదాన్ని. అందుకే ఒళ్ళు మండిపోయింది. "ఆడపిల్లని కనుంటే తెలిసేది నీకు" అన్నాను. ఆమెకి ఇద్దరూ మగపిల్లలే, ఆడపిల్ల కోసం ఆమె ఎంత ఎదురుచూసిందో నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆమె బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజునుంచీ నలభై రోజులు.

మీ అమ్మాయినే అడగొచ్చు కదా అంటారు. అడిగాను.

"అమ్మా, మేం ఏడుగురం కూర్చుని ఒక మాట అనుకున్నాం" అంది చినారా. "ఎవరూ ఎవరింట్లోనూ చెప్పం. ఆ అమ్మాయికి వాళ్ళమ్మతో చెప్పుకోవాలనిపిస్తే చెప్పుకుంటుంది, అది ఆమె ఇష్టం. మిగతా ఆరుగురూ మాత్రం 'నేను కాదు' అని ఎవరితోనూ అనకూడదు."

"నేను నీ కన్నతల్లినే. నాతో అంటే ఏం పోతుంది?"

"నీతో అంటే ఊరితో అన్నట్టే. నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఒకవేళ నానినా నీ మొహం మీద మొలుస్తుంది. అవునో కాదో తెలిస్తే రేపు నువ్వు బావి దగ్గరికి ఎలా నడుస్తావో చూసి జనం పసిగడతారు."

నా కూతురు నన్ను అంత తేలిగ్గా తీసిపారేసింది. పైగా నిజమే చెప్పింది. ఆ నెల మా పేట ఆడవాళ్ళ విందు మా ఇంట్లో. కలీపాని పిలవొద్దని నేనే అందరితోనూ అన్నాను. అంతా తలూపారు. అప్పటికే ఊళ్ళో సగంమంది ఆసుపత్రికి వెళ్ళడం మానేశారు. గర్విష్ఠి అన్నారు, కడుపులో విషం పెట్టుకు తిరుగుతోందన్నారు. ఆమె మాత్రం రోజుకి ఆరిళ్ళు తిరుగుతూనే ఉంది. తలుపు తీయని ఇంటిముందు నలభై నిమిషాలు అరుగుమీద కూర్చుని వెళ్ళేది.

ఇంతకీ ఊరికి ఆ పేరుతో ఏం పని? ఉబలాటం ఒక్కటే అయితే నాలుగు రోజులకి చల్లారేది. తలాయ్ తల్లి బూబూష్ ఇంట్లో ఒక గుర్రం సిద్ధంగా ఉంది. మా ఆనవాయితీ ప్రకారం తప్పు చేసినవాడి తరఫువాళ్ళు, నష్టపోయిన ఇంటి గుమ్మానికి గుర్రాన్ని కట్టి, ఊరిపెద్దల్ని వెంటబెట్టుకొచ్చి, తలొంచి క్షమించమంటారు. తెల్ల ఉన్ని టోపీలు పెట్టుకున్న తొమ్మిదిమంది ముసలివాళ్ళు గుమ్మంలో నిలబడి గడ్డాలు పట్టుకుని అడిగితే కాదన్న ఇల్లు నా ఎరుకలో లేదు. సాయంత్రానికల్లా ఆ ఇంటివాళ్ళు జిల్లాకెళ్ళి కేసు వెనక్కి తీసుకుంటారు. ఆ పిల్లని ఎవరూ అడగరు. తలాయ్ మళ్ళీ శుక్రవారం వ్యాను ఎక్కుతాడు. అన్నీ సిద్ధంగానే ఉన్నాయి, ఏ గుమ్మానికి కట్టాలన్న ఒక్క సంగతి తప్ప.

పెద్దల్లో పెద్ద కాసిమ్‌బెక్ ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడ బల్లమీద వంతుకోసం కూర్చున్నవాళ్ళు ఇద్దరు ఆ మాటలు విని ఊరంతా చెప్పారు.

"అమ్మా కలీపా, నిన్ను సాక్ష్యం చెప్పమనట్లేదు. ఒక్క గుమ్మం చూపించు, మిగతాది మేం చూసుకుంటాం."

"మీరు చూసుకునేదేంటో తెలిసే చూపించట్లేదు, బాబాయ్."

"ఊరు చీలిపోతోంది తల్లీ."

"ఊరికేం కాదు. చొక్కా చెయ్యి పైకి మడవండి, బీపీ చూస్తా."

"జిల్లాకి అర్జీ రాస్తామంటున్నారు, నిన్ను తీసేయమని. నేనే ఆపుతున్నాను."

"ఆపకండి. సంతకాలు చేయనివ్వండి. నన్ను తీసేసినా ఆ పేరు ఆసుపత్రిలో దొరకదు." చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. "నూట ఎనభై. మీరు కోపం తగ్గించుకోవాలి."

కాసిమ్‌బెక్ చెడ్డవాడు కాదు. తెలివైనవాడు, అదే ఇబ్బంది. వారం తిరక్కుండా ఆయనకో ఉపాయం తట్టింది. నర్సమ్మ చెప్పకపోతే తల్లులున్నారుగా. ఏడుగురు తల్లులూ శనివారం మధ్యాహ్నం ఊరందరూ కలిసే క్లబ్బు హాల్లోకి రావాలన్నాడు. ఎవరినీ ఏమీ ఒప్పుకోమని అడగరట. మా పిల్ల కాదు అని రొట్టె మీద చెయ్యేసి ఒట్టు వేస్తే చాలట. ఆడపిల్లల పేర్లు ఊరికే నలుగుతున్నాయి, ఈ దెబ్బతో వాళ్ళందరికీ మచ్చ పోతుందన్నాడు. మా దగ్గర రొట్టె మీద ఒట్టుకి మించింది లేదు, అబద్ధమాడితే ఆ రొట్టె శాపమై కొడుతుంది. చెయ్యి వేయలేనామె ఎవరో ఆమె గుమ్మానికి గుర్రం వెళుతుంది. ఆ మాట ఎవరూ అనలేదు, అందరికీ తెలుసు.

దాచడమెందుకు, నాకు సంతోషమేసింది. మా పిల్ల కాదన్న నమ్మకం నాలో గట్టిగానే ఉంది. తల్లికి తెలియదా అనుకున్నాను. అందరి ముందూ చెయ్యివేసి, తలెత్తుకుని ఇంటికొస్తాను. పక్క లోయలోని మంచి కుటుంబమొకటి చినారా గురించి ఆరా తీస్తోంది, వాళ్ళకీ తెలుస్తుంది.

శనివారం పొద్దున చినారా నా తలగుడ్డ ఇస్త్రీ చేస్తోంది. చివరిసారిగా అడిగాను, "ఒట్టు వెయ్యనా?" అని.

"వెయ్యి. నేనేమీ అనను" అంది. ఇస్త్రీ పూర్తిచేసి, గుడ్డ మడతపెట్టి నా చేతిలో పెట్టింది. "కానీ నువ్వు వేసి వచ్చి కూర్చుంటావు కదా. నీ తర్వాత ఇంకొకామె వెళ్తుంది, ఇంకొకామె. వాళ్ళలో ఒకామె రొట్టె దగ్గరికెళ్ళి ఆగిపోతుంది. అప్పుడు నువ్వు అక్కడే కూర్చుని చూస్తూ ఉంటావా?"

గుడ్డ కట్టుకుని బయల్దేరాను. దారంతా ఆ ముప్పై నాలుగు గిన్నెల టీయే గుర్తుకొచ్చింది. అప్పుడు కూర్చుని చూసినదాన్నే కదా నేను.

హాలు నిండిపోయింది. పొయ్యి రాజేశారు. ముందు వరసలో పెద్దలు, గోడవారగా జనం, బల్లమీద తెల్లగుడ్డ, దానిమీద గుండ్రటి రొట్టె. బూబూష్ ఒక మూల ఒంటరిగా కూర్చుంది, కొడుకు జైల్లో ఉన్న నెలన్నరలో సగమైపోయింది. కలీపాని ఎవరూ పిలవలేదు, అయినా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నావైపు చూడలేదు.

వయసులో పెద్దదాన్ని, టీచర్ని అని మొదట నన్నే పిలిచారు. లేచాను. నా వెనక బెంచీమీద ఆరుగురు తల్లులున్నారు. ఇరవై ఏళ్ళకి పైగా పిల్లల మొహాలు చూసి, ఎవరు లెక్క చేసుకురాలేదో పుస్తకం తెరవకుండానే చెప్పినదాన్ని. ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ ఆరు మొహాలూ చూస్తే నాకు తెలిసిపోతుంది. తెలుసుకోవాలని నలభై రోజులుగా చచ్చిపోతున్నాను. వెనక్కి తిరగలేదు. రొట్టెవైపే చూస్తూ నడిచాను.

"చెయ్యి వెయ్యి టీచరమ్మా" అన్నాడు కాసిమ్‌బెక్.

"వెయ్యను."

కాసిమ్‌బెక్ ముందుకి వంగాడు.

"అంటే... మీ అమ్మాయేనంటావా?"

"అవుననను. కాదనను. నా కూతురి సంగతి రొట్టె మీద పెట్టడానికి నేను రాలేదు."

"ఇలా అంటే ఊరు ఏమనుకుంటుందో ఆలోచించుకున్నావా?"

"మా పిల్లే అనుకుంటుంది. అనుకోనివ్వండి. కావాలంటే గుర్రాన్ని మా గుమ్మానికి కట్టండి. మా కొట్టంలో గడ్డి బోలెడుంది, తినిపించి వెనక్కి పంపుతాను. కేసు వెనక్కి తీసుకునే మాట మాత్రం మా గుమ్మంలో దొరకదు." నా గొంతు బడిలో పలికినట్టే పలికింది. వెళ్ళి నా చోట కూర్చున్నాను.

తర్వాత జెయినెప్‌ని పిలిచారు. ఈవిడకీ నాకూ కాలవ నీళ్ళ దగ్గర పదేళ్ళుగా పడదు. లేస్తుంది, నా మొహాన కొట్టినట్టు చెయ్యేసి వస్తుంది అనుకున్నాను. ఆవిడ లేవనే లేదు.

"నా మోకాళ్ళు నొప్పి. అంత దూరం నడవలేను."

"ఆరడుగులమ్మా. కావాలంటే రొట్టెనే నీ దగ్గరికి తెస్తాం."

"తేవద్దు. చేతులు కూడా నొప్పే." ఆపైన, "సబీరా వెయ్యని ఒట్టు నేను వేస్తే, రేపట్నుంచి కాలవ దగ్గర దాని నోటికి నేను ఆగగలనా?" అంది. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో హాల్లో బిగువు సడలింది.

మూడో ఆమె తల అడ్డంగా ఊపింది. నాలుగో ఆమె, "నాకూ మోకాళ్ళే" అంది. ఐదో ఆమె లేచి వెళ్ళి, ఏడుస్తూ రొట్టె మీద చెయ్యి వేసి వచ్చేసింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఇంట్లో అత్త, మామ, నలుగురు మరుదులు, ఆమె భయం ఆమెది. మిగతా ఇద్దరూ కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

కాసిమ్‌బెక్ రొట్టె తీసుకుని ముక్కలు చేసి, "ఆరిపోతుంది, తినండి" అని పక్కవాళ్ళకి అందించాడు. బూబూష్ మూలనుంచి లేచి వెళ్ళిపోయింది. ఆ తల్లి మొహం చూసే ధైర్యం కూడా నాకు లేకపోయింది. గుర్రం వాళ్ళ దొడ్లోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున కొట్టంలో నేనే ముందు నోరు తెరిచాను. "ఆడపిల్ల గురించి నేనన్న మాట తప్పు, అక్కా."

"తప్పే" అంది కలీపా. క్షమించానని చెప్పలేదు. పితికిన పాలలో సగం నా బకెట్టులో పోసింది. ఆ పూట మా ఆవు పాలివ్వలేదని ఆమెకెలా తెలిసిందో.

అర్జీ జిల్లాకి వెళ్ళింది, నలభై ఒక్క సంతకాలతో. ఒక అధికారి వచ్చి రిజిస్టరు మొత్తం తిరగేశాడు. "ఈ ఊళ్ళో అందరికీ బీపీయేనా?" అని అడిగాడు. "ఊరు అలాంటిది సార్" అందట. ఆమెని తీసేయలేదు, మరో నర్సు ఎవరూ ఈ కొండకి రామన్నారు మరి. ఎండాకాలంలో కోర్టు జరిగింది. ఏడుగురు పిల్లలూ ఒకే రోజు, ఒకే బస్సులో వెళ్ళి, తలుపులు మూసిన గదిలో ఒక్కొక్కరే సాక్ష్యం చెప్పి వచ్చారు. ఒట్టు వేసిన తల్లి కూతురు కూడా వెళ్ళింది. తలాయ్‌కి ఎనిమిదేళ్ళు పడింది.

పక్క లోయ కుటుంబం మళ్ళీ మా గడప తొక్కలేదు. ఒట్టు వెయ్యనన్న తల్లి కూతురే అయ్యుంటుందని వాళ్ళకెవరో చెప్పారట. ఇప్పటికీ ఊళ్ళో సగంమంది అలాగే అనుకుంటారు. నాకు బాధ కలగలేదని చెప్పను. చాలా రాత్రులు నిద్రపట్టలేదు. కానీ ఒక్కసారి కూడా గుమ్మంలోకి వెళ్ళి "మా పిల్ల కాదు" అని అరవలేదు, అరవాలని చాలాసార్లు అనిపించింది.

కలీపా పోయినేడు రిటైరైంది. కొత్తగా వచ్చిన నర్సుపిల్లకి రెండు నెలలపాటు ఊరంతా చూపించింది, రోజుకి ఆరిళ్ళు. చినారా ఇప్పుడు నారిన్‌లో బ్యాంకులో పనిచేస్తోంది. తనకి నచ్చినవాణ్ణి తనే చూసుకుంది, వచ్చే నెల పెళ్ళి. మొన్న ఇంటికొచ్చినప్పుడు ముగ్గురం అరుగుమీద కూర్చుని గొర్రెబొచ్చు విడదీస్తున్నాం. మాటల మధ్యలో చినారా చేతులు ఆపేసింది.

"అమ్మా, అప్పటి సంగతి నీకు చెప్పనా? నువ్వు ఇన్నేళ్ళూ అడగలేదు."

కలీపా ఒళ్ళోని బొచ్చు దులుపుకుని లేచింది. "పొయ్యిమీద టీ ఏమైందో చూస్తా" అని లోపలికి వెళ్ళిపోయి, వెనకాల తలుపు వేసుకుంది.

నేను నా కూతురి మొహంలోకి చూశాను. ఈసారి తల తిప్పుకోలేదు. "నీకు చెప్పుకోవాలనుంటే చెప్పు. ఎంతసేపైనా వింటాను. నాకు తెలియాలని మాత్రం చెప్పకు" అన్నాను.

ఆ తర్వాత చినారా మాట్లాడిందా, ఊరుకుందా, మాట్లాడితే ఏం చెప్పింది, మీరు అడగొద్దు. రొట్టె మీద ఒట్టుతో ఒక ఇల్లు ముందే తప్పుకుంది. నేను కూడా మీకు కాదని చెప్తే, ఊళ్ళో ఇంక ఐదిళ్ళే మిగులుతాయి.